మా తోట దడి రెండడుగులు లోపలికొచ్చేసిందండి

ప్రశ్న: నమస్తే అండి. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఓ ఊరు. నాన్నగారి వాటాగా నాకు 30 సెంట్ల కొబ్బరి తోట వచ్చింది, పక్క తోట మాకు బాబాయి వరసయ్యే ఆయనది. మధ్యలో ఎప్పుడూ కొబ్బరి మట్టల దడే ఉండేది. మొన్న వేసవిలో నేను హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు ఆయన దాన్ని పీకించి సిమెంట్ స్తంభాలు పాతి మెష్ కట్టించేశారు, వచ్చి చూస్తే రెండడుగులు మావైపుకే ఉంది. అడిగితే "పాత దడి ఇక్కడే కదమ్మా" అంటున్నారు. పైగా వాళ్ళ కొబ్బరి చెట్టొకటి మా గేదెల పాక మీదకి ఒరిగింది. కేసు వేస్తే చుట్టరికం పోతుంది, ఊరుకుంటే తోట పోతుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, రెండడుగులే కదా అని ఎవరన్నా వినకండి. దడి 110 అడుగుల పొడవే అనుకున్నా అది 220 చదరపు అడుగులు, అంటే అర సెంటు. గట్టు మీద మీ చెట్లుంటే అవీ అటు వెళ్ళిపోయినట్టే.

అలాగని బాబాయిగారు కావాలనే చేశారని కూడా అనుకోకండి. మట్టల దడి రెండు మూడేళ్ళకే పాడైపోద్ది, మళ్ళీ కట్టినప్పుడు గుంజ పుచ్చిన గుంటలో కాకుండా పక్కన గట్టి నేల చూసి పాతుతారు, మన ఒండ్రు నేలలో వానకి గట్టు జారుద్ది, బోదె (తోటలో నీటి కాలువ) పూడిక తీసిన మట్టి ఒకవైపే పోస్తారు, ఇలా ఏ చెడ్డబుద్ధీ లేకుండానే దడి జరుగుతూ ఉంటుంది. ఆ తాడిచెట్టు నుంచి ఈ మామిడిచెట్టు దాకా అని పెద్దాళ్ళు చెప్పుకున్న హద్దులు కొన్ని 1996 నవంబర్ తుఫానుకి చెట్లతో పాటే పోయాయి కూడా. అందుకే పాత దడి ఎక్కడుందన్న వాదన వదిలెయ్యండి, కొలిపించండి.

మీ సర్వే నంబరుకి ఎఫ్‌ఎంబి స్కెచ్, అంటే సర్వేవాళ్ళు కొలతలతో గీసిన భూమి పటం ఉంటుంది, అందులో కొలతలు లింకుల్లో ఉంటాయి, 100 లింకులంటే 66 అడుగులు. ఒక్క సంగతి ముందే చూసుకోండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మీ వాటా సబ్‌డివిజన్ అవ్వకపోతే, అంటే దానికి విడిగా నంబరు పడకపోతే, స్కెచ్‌లో మొత్తం నంబరు హద్దులే కనపడతాయి, మీ భాగం ఎక్కడిదాకానో తేల్చడానికి పంపకాల దస్తావేజులోని కొలతలు కావాలి. అది బయటికి తీసి మీ ఊరి సచివాలయంలో ఎఫ్‌లైన్ అర్జీ, అంటే హద్దులు కొలిచి చూపించమనే అర్జీ పెట్టండి. పెట్టేముందు మీరే వాళ్ళింటికెళ్ళి "బాబాయ్, సర్వేయర్ని పిలుస్తున్నాను, నువ్వూ దగ్గరుండి కొలిపించు, నాది ఎక్కువొస్తే వదిలేస్తాను" అని చెప్పండి. నోటీసు చేతికొచ్చాక తెలిస్తే ఆయనకి కోపం, మీ నోటితో చెబితే అది వేరు. స్తంభాలు మాత్రం మీరు పీకించకండి, ఆ పనిలో సర్వే రాయి కదిపితే అది నేరం.

ఇంకొకటి, ఊరుకోవద్దు. పన్నెండేళ్ళు వాడుకున్నంత మాత్రాన భూమి ఆయనది అయిపోదు గానీ అంతకాలం మీరు నోరెత్తకపోతే రేపు కోర్టులో మీకే కష్టం. ఇప్పుడే ఫొటోలు తీసి, ఈ దడికి మీరు ఒప్పుకోవడం లేదని ఆయనకి ఓ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి. అప్పటికీ తేలకపోతే కోర్టులో ఉండే న్యాయసేవా కమిటీ ద్వారా లోక్ అదాలత్‌కి వెళ్ళండి, అక్కడ ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. చుట్టాల మధ్య నాకు ఇదే మంచిదనిపిస్తుంది.

చెట్టు సంగతికొస్తే, మామిడి కొమ్మైతే మీవైపు వచ్చినంత వరకు చెప్పి కొట్టించుకోవచ్చు, కొబ్బరికి మొవ్వు కొడితే చెట్టే చచ్చిపోద్ది కాబట్టి దాని జోలికెళ్ళకండి. కాయ ముదరకముందే దింపు తీయించి, ఎండు మట్టలు కొట్టించమని అడగండి. మీ దొడ్లో పడ్డ కాయలు ఆయనవే, ఇచ్చెయ్యండి. మొదలు కదిలి పడిపోయేలా ఉంటే తహసీల్దారుకి అర్జీ పెడితే తీయించమని ఆయన ఆర్డర్ ఇవ్వొచ్చు. ఈలోగా గేదెల్ని ఆ పాకలో కట్టకండమ్మా, ఇవాళే చెట్టుకి దూరంగా మార్చండి.