సెమినారు పత్రం రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

విజయనగరం నుంచి మామయ్య ఆశీస్సులు. నీ ముసాయిదా చదివాను. ఏది నేరమో సమాజమంతా ఒప్పుకున్నదే చట్టమవుతుందనే ఏకాభిప్రాయ సిద్ధాంతానికీ, బలమున్నవాళ్ళు తమ ప్రయోజనానికి పెట్టిందే చట్టమనే సంఘర్షణ సిద్ధాంతానికీ నిర్వచనాలు చక్కగా రాశావు. చట్టాన్ని మాత్రం ఎక్కడా విప్పి చూడలేదు. ముందు 1985 నాటి మత్తుపదార్థాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ చట్టం, దగ్గర పెట్టుకో.

ఏకాభిప్రాయం వైపు ఫ్రెంచి సామాజికవేత్త డర్క్‌హైమ్ 1893లో చెప్పినదానికి ఒక పేరా చాలు: సమాజపు ఉమ్మడి మనస్సును గాయపరిచే పనే నేరం. హత్య విషయంలో దీనితో పేచీ లేదు. గంజాయి దగ్గరికొస్తే ఆ చట్టంలో నిర్వచనాలున్న సెక్షన్ 2 చదువు. పూత, కాయ ఉన్న కొసలు గంజాయి. వాటితో కలవని ఆకు, గింజ కావు. అందుకే ఆకుతో చేసిన భంగు ఈ చట్టానికి చిక్కదు. ఒకే మొక్కలో ఉమ్మడి మనస్సు పూతను అసహ్యించుకుని ఆకును క్షమించిందా? మత్తుపదార్థాలపై 1961 అంతర్జాతీయ ఒప్పందంలోనూ దాదాపు ఇదే నిర్వచనం ఉంది. ఎవరి ఏకాభిప్రాయం ఇది అని అడగాల్సింది ఇక్కడే.

సంఘర్షణకు అమెరికా ఉదాహరణ ఇచ్చావు. క్రాక్‌కూ (పొగగా పీల్చే గడ్డ కొకైన్) పొడి కొకైన్‌కూ ఒకే శిక్ష పడే తూకాల్లో 1986లో పెట్టిన 100కి 1 తేడా 2010లో 18కి 1 అయింది. ఉంచు. కానీ మన పక్కనున్న రంపను ఎలా మరిచావు? అక్కడి 1879 ఫితూరీకి, అంటే గిరిజనుల తిరుగుబాటుకు, ముఖ్య కారణాల్లో కల్లు పన్ను, సొంతానికి గీసుకోవడంపై ఆంక్ష ఉన్నాయి. చెట్టూ గిరిజనులదే, కల్లూ వాళ్ళదే. నేరమని పేరు పెట్టింది మాత్రం దొరలు.

అయితే చట్టం ఎప్పుడూ పైవాడి చేతి కర్రేనన్నావు చూడు, అక్కడ ఒప్పుకోను. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపింది పేద ఆడవాళ్ళు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సారా రాబడి తీసుకున్నదీ, 1997లో నిషేధం సడలించిందీ ప్రభుత్వమే. అంటే శిక్ష కోరింది కిందివాళ్ళు, వద్దనుకున్నది పైవాళ్ళు. నీ పత్రానికి ప్రాణం ఇదే. దీని మీద రెండు పేజీలైనా రాయి.

తర్వాత తూకం సంగతి. గంజాయి కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అది దాటితే కనీసం పదేళ్ళు. బెయిలుకు గట్టి షరతులు పెట్టే సెక్షన్ 37 వల్ల బెయిలూ గగనమే. సాలూరు ఘాట్ దిగే బస్సులో కూలికి సంచి మోసేవాడికైనా, సరుకు యజమానికైనా ఈ తూకం ఒకటే. యజమానిని పట్టడానికి 27ఏ (రవాణాకు డబ్బు పెట్టడం), 29 (ప్రేరేపణ, కుట్ర) సెక్షన్లు ఉన్నాయి, కాదనను. కానీ సంచి అతని ఒళ్ళో ఉండదు కదా!

అలాగని మోసేవాళ్ళంతా అమాయకులని రాయకు. కొడుకు మత్తుకు అలవాటు పడిన తల్లిని అడిగితే ఇంకా గట్టి చట్టం కావాలంటుంది. ఆమె మాటా పత్రంలో ఉండాలి. చికిత్సకు ముందుకొచ్చిన వ్యసనపరుడికి షరతులతో ప్రాసిక్యూషన్ తప్పించే 64ఏ సెక్షన్‌ను ఆమె మాట పక్కనే పెట్టు.

జిల్లా కోర్టు తీర్పులు కొన్ని తెచ్చుకుని పట్టిక వెయ్యి: ముద్దాయి పని ఏమిటి, ఎంత తూకం, ఎక్కడ దొరికాడు. ఎన్ని తీర్పులు చూశావో కూడా రాయి. పది కాగితాలతో దేశం మొత్తాన్ని తేల్చకు. చట్టం ప్రతి మాత్రం 2014, 2021 సవరణలు చేర్చినదే వాడు. స్వల్ప పరిమాణానికి ఆరు నెలలని రాశావు, ఇప్పుడది ఏడాది వరకు.

మామయ్య