కొత్త కారులో ఇంజిన్ లైట్ వెలిగితే ఏం చేయాలి?

లైట్ పసుపు రంగులో నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా నడుపుకుంటూ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లొచ్చు, అదే మిణుకు మిణుకుమంటుంటే మాత్రం పక్కకి ఆపి, ఇంజిన్ కట్టేసి, కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. పెట్రోల్ బండిలో అలా మిణుకుమంటే చాలావరకు ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదని అర్థం. మండని పెట్రోల్ పొగగొట్టంలోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని విపరీతంగా వేడెక్కించి పాడుచేస్తుంది, అది చాలా ఖరీదైన పార్టు. ఉదాహరణకి అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే బండి కుదుపుతూ లైట్ మిణుకుమంటే, ఎలాగోలా కొండపైకి చేరిపోదాం అనుకోకండి, చోటు దొరకగానే ఆపేయండి.

బ్యాటరీ వైరు కాసేపు తీసి పెడితే సరిపోతుందని చాలామంది అంటారు. లైట్ ఆరుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది, పైగా మెకానిక్‌కి పనికొచ్చే కోడ్ (లోపం ఏంటో చెప్పేలా బండి కంప్యూటర్‌లో నమోదయ్యే గుర్తు) కూడా చెరిగిపోతుంది. వారంటీ ఉన్న బండికి ఈ చిట్కాలు అసలెందుకు?