కిట్టు చేతికిచ్చే ముందు చెప్పవలసిన మాట

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఆఫ్రికాలోని మలావి దేశానికి వెళ్తున్నావనీ, బ్లాంటైర్ పేటల్లో ఇంటింటికీ హెచ్ఐవీ స్వీయ పరీక్ష కిట్లు పంచే వాలంటీర్లకు శిక్షణ ఇస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పదకొండేళ్లు ఆ ఊళ్లో నర్సుగా చేసినదాన్ని కనుక నా సంతోషం నీకు తెలుసు; దాని వెంటే ఒక భయం కూడా పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

కిట్టు వాడకం నీకు వచ్చినదే: పుల్లతో పై చిగుళ్లను ఒకసారి, కింది చిగుళ్లను ఒకసారి తుడవాలి, ఆ పుల్లను సీసాలోని ద్రవంలో ఉంచాలి, 20 నిమిషాల తర్వాత, 40 నిమిషాలు దాటకముందే చూడాలి. హెచ్ఐవీ ఉండవచ్చని చెప్పే రెండో గీత ఎంత లేతగా కనిపించినా ఆరోగ్య కేంద్రంలో నిర్ధారణ చేయించుకోవలసిందే.

జనం ఒప్పుకోరేమోనని బెంగపడకు. 2016 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సిఫారసు చేయడానికి ముందే బ్లాంటైర్ పేటల్లో ఇళ్ల దగ్గర ఇచ్చి చూశారు, చాలామంది తీసుకున్నారు. క్లినిక్ వరుసలో నిలబడితే రోజు కూలి పోతుంది, పైగా ఎదురింటివాళ్ల కంట పడతాం. తలుపు మూసుకుని చూసుకునే పరీక్షకు ఆ రెండు కష్టాలూ లేవు, ముఖ్యంగా మగవాళ్లకు. అయితే బ్లాంటైర్‌లోని ఎన్‌డిరాండే పేటలో నన్ను ప్రతి వీధిలోనూ అడిగిన ప్రశ్న ఒకటుంది: "నోట్లో పుల్ల పెట్టి కనిపెడుతున్నారంటే రోగం ఉమ్మిలో ఉన్నట్టే కదా, ఒకే పళ్లెంలో న్సిమా (మొక్కజొన్న పిండి ముద్ద) తింటే అంటుకోదా?" ఆ పుల్ల వెతికేది వైరస్‌ను కాదనీ, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలననీ, ఉమ్మి వల్ల ఇది అంటుకోదనీ వాళ్లు అడగకముందే చెప్పు. లేకపోతే పరీక్షతో పాటు పుకారునూ పంచినట్టవుతుంది.

ఇక నా తప్పు. ఒక మధ్యాహ్నం వర్షం ముంచుకొస్తుంటే, చేతిలో ఇంకా ఏడు కిట్లు మిగిలాయన్న తొందరలో, మొక్కజొన్నలు ఒలుచుకుంటున్న ఒకావిడకు కిట్టు ఇచ్చి, వాడే విధానం గబగబా చెప్పి పక్కింటికి వెళ్లిపోయాను. ఆవిడ అప్పటికే కొన్నేళ్లుగా ఏఆర్‌టీ మాత్రలు, అంటే హెచ్ఐవీని అణచి ఉంచే మందులు, వేసుకుంటోంది. చాలాకాలం మందులు వాడినవాళ్లలో యాంటీబాడీలు తగ్గి ఈ పుల్ల ఒక్క గీతే చూపించవచ్చనీ, అది రోగం పోయినట్టు కాదనీ నాకు తెలుసు, ఆవిడకు తెలియదు. ప్రార్థనలు ఫలించాయనుకుని మాత్రలు మానేసింది. ఎనిమిది నెలల తర్వాత క్షయతో, గుర్తుపట్టలేనంత చిక్కిపోయి వార్డుకు వచ్చింది. నేను మంచం పక్కన కూర్చుంటే, కోపం లేకుండానే, "నువ్విచ్చిన పుల్లే కదమ్మా చెప్పింది" అంది. ఆవిడ కోలుకుంది, మళ్లీ మాత్రలు మొదలుపెట్టింది. కానీ మళ్లీ మళ్లీ ఇచ్చిన కఫం డబ్బాలు, ఇంటి దగ్గర చదువు మానేసి వంట చేసిన పెద్దకూతురు, ఇవన్నీ నా తొందర వల్లే జరిగాయి.

"మీరు మందులు వాడుతున్నారా?" అని మాత్రం ఎవరినీ గుమ్మంలో నిలబెట్టి అడగకు, మొగుడికి కూడా చెప్పకుండా పిండిడబ్బాలో మాత్రలు దాచుకునేవాళ్లుంటారు. అడగకుండా అందరికీ ఒకే మాట చెప్పించు: "ఇప్పటికే మందులు వాడేవారికి ఈ పరీక్ష కాదు, ఒక్క గీత వచ్చినా మాత్రలు ఆపకూడదు." నీ వాలంటీరు ఎవరైనా ఈ మాట మరిచిపోతే, ఆ ఇంటికి వెనక్కి పంపు, వానైనా సరే. గర్భిణికి భర్త కోసం కిట్టు ఇచ్చేటప్పుడు ఆమెను పక్కకు పిలిచి, ఇంట్లో దెబ్బలేమైనా ఉన్నాయేమో కనుక్కో. భయపడే మనిషి చేతికి కిట్టు ఇవ్వకు.

నీకు ఎండ పడదు, తలనొప్పి వస్తుంది, గొడుగు మరవకు తల్లీ. వచ్చే ఆదివారం ఒకసారి రా. నేను దాచుకున్న చితెంజే గుడ్డ ఇస్తాను, నడుముకు ఎలా చుట్టుకోవాలో చూపిస్తాను, అందరికీ చెప్పవలసిన ఆ మాటను అక్కడి చిచేవా భాషలో తడబడకుండా అనగలిగేదాకా కూర్చోబెట్టి నేర్పిస్తాను.

నీ పెద్దమ్మ