వడ్లు మొలిచాయి, బియ్యం ఎందుకు మొలవలేదు? (ఇంటి బడి – మీ ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: అక్కా నమస్తే. మా బాబుకి అయిదేళ్ళు నిండాయి. యూకేజీ మధ్యలోనే మానిపించేశాం, రోజూ నాలుగు పేజీల హోంవర్కు, పెన్సిల్ చూస్తేనే ఏడుపు, పొద్దున్న లేవగానే కడుపునొప్పి అనేవాడు. ఇంట్లో నేనే చెప్పుకుందాం అని నెట్‌లో వెతికితే అందరూ థీమ్ థీమ్ అంటున్నారు, అంటే ఒక విషయం పట్టుకుని ఆటలూ పాఠాలూ అన్నీ దాని చుట్టూనే చేయించడమట. సరే అని వారానికొకటి పెట్టుకున్నా, యాపిల్ వారం, పెంగ్విన్ వారం, స్పేస్ వారం అలా. ప్రింట్లు తీయించి లామినేషన్ కూడా చేయించాను, మూడు వేలు దాటింది ఖర్చు. వాడు మొదటిరోజు రంగులేస్తాడు, రెండోరోజుకి లేచి వెళ్ళిపోయి మా అత్తయ్యగారి పక్కన కూర్చుని చేటలో బియ్యం నేను ఏరతా అంటాడు. నేనేమైనా తప్పు చేస్తున్నానా? థీమ్ అసలు ఎలా పెట్టుకోవాలి? – ఒక అమ్మ, తణుకు

జవాబు: తప్పు చేయట్లేదమ్మా, మీ ఉత్తరంలోనే జవాబు ఉంది చూడండి. థీమ్ వాడే ఎంచుకున్నాడు, బియ్యం. మీరున్నది తణుకులో, చుట్టూ వరిచేలు, కాలవలు, రైస్ మిల్లులు, ఇంతకన్నా మంచి పాఠం మీ వాడికి ఎవరూ తయారు చేసి ఇవ్వలేరు. పెంగ్విన్ని వాడు ముట్టుకోలేడు, వాసన చూడలేడు, నోట్లో వేసుకోలేడు, ఎవరో గీసిన బొమ్మకి రంగేయడం తప్ప దాంతో చేయడానికి పనేమీ లేదు. అయిదేళ్ళ పిల్లాడు చేత్తో పట్టుకుంటే తప్ప ప్రశ్న అడగడు, ప్రశ్న అడగకపోతే మనం చెప్పేది ఎక్కదు. మా ఇద్దరు పిల్లలకీ మూడో తరగతి వయసు వచ్చేదాకా ఇంట్లోనే చెప్పుకున్నా కాబట్టి ఇది చాలా గట్టిగానే చెప్తున్నాను.

మొదటిరోజు ఏమీ నేర్పొద్దు. ఒక పెద్ద పళ్ళెంలో గుప్పెడు వడ్లు, బియ్యం, అటుకులు, మరమరాలు, బియ్యప్పిండి, కాస్త ఊక, తవుడు వేరువేరుగా పెట్టి ఊరుకోండి. వాడు కలిపేస్తాడు, కలపనివ్వండి, తర్వాత మళ్ళీ విడదీద్దామా అంటే అదే ఒక గంట పని. వడ్లగింజని గోటితో ఒలిచి ఉఫ్ అని ఊదితే పొట్టు ఎగిరిపోయి లోపల బియ్యపుగింజ కనపడుతుంది కదా, అది చూసినప్పుడు పిల్లల మొహం ఎలా ఉంటుందో మీరే చూడండి. రోజూ తినే అన్నం ఇందులోంచి వచ్చిందా అని వాడికి తట్టేది ఆ క్షణంలోనే. మీ అత్తయ్యగారు చేటతో చెరగడం చూపిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే అది ఆవిడకి వచ్చినంత బాగా మనకెవరికీ రాదు.

రెండోరోజు వడ్లని నీళ్ళలో పోయండి. గట్టి గింజలు మునుగుతాయి, తాలు తేలుతుంది. తేలింది ఎందుకు తేలిందో విరిచి చూడమనండి, లోపల ఖాళీ. ఆ మునిగిన వడ్లని ఒక రోజంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి ఇంకో రోజు ఉంచండి, మన రైతులు మండె కట్టడం అంటారే అదే. పక్కనే ఇంకో గుడ్డలో అదే విధంగా మామూలు బియ్యం కూడా కట్టండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. విప్పేముందు రెండిట్లో ఏది మొలుస్తుందో వాడినే చెప్పమని అడగండి, మా చిన్నది అయితే తెల్లగా ఉంది కాబట్టి బియ్యమే ముందు మొలుస్తుంది అంది. విప్పితే వడ్లకి తెల్లటి మొలక వచ్చి ఉంటుంది, బియ్యం వాసన కొట్టి మెత్తబడి ఉంటుంది. ఎందుకు అని వాడు అడిగేదాకా ఆగండి, మీరు ముందే చెప్పేయకండి దయచేసి. అడిగాక ఒక భూతద్దం ఇచ్చి బియ్యపుగింజ కొస చూడమనండి, ఒక మూల చిన్న నొక్కు ఉంటుంది, మొక్కయ్యే ముక్క ఉండాల్సిన చోటు అది, మిల్లులో తవుడుతో పాటే పోయింది. వడ్లు మాత్రం పచ్చివే తెచ్చుకోండి, ఉప్పుడు బియ్యం కోసం ఉడకబెట్టినవి మొలవవు.

మొలకలని ఒక పాత ప్లాస్టిక్ ట్రేలో బురద చేసి చల్లితే నారు వస్తుంది. మూడు వారాలు దాటాక పీకి బకెట్లో నాటుకోవచ్చు. రోజూ పొద్దున్న ఒక పుల్ల దాని పక్కన నిలబెట్టి ఎంత పెరిగిందో గీత పెట్టండి, ఈ వయసుకి స్కేలు, సెంటీమీటర్లు అక్కర్లేదు, నిన్నటి గీత ఇవాళ్టి గీత అంటే చాలు. ఇదొక్కటీ నెలల తరబడి సాగుతుంది, సాంబ మసూరి లాంటి రకమైతే కోతకి అయిదు నెలలు పడుతుంది, థీమ్ మాత్రం అన్నాళ్ళు సాగదీయనక్కర్లేదు. రెండు మూడు వారాలు సరిపోతుంది, వాడి ప్రశ్నలు తగ్గిపోయాయి అనిపించినరోజు ఆపేయండి. వారానికొకటి అనే లెక్క పిల్లాడి కోసం కాదమ్మా, ప్రింట్లు తీసుకునే మన సౌకర్యం కోసం.

లెక్కలకి వంటిల్లు చాలు. మీ ఇంట్లో పాత గిద్ద, సోల, తవ్వ, మానిక ఉన్నాయేమో అత్తయ్యగారిని అడగండి. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. వాడు గిద్దతో పోసి పోసి సోల నింపుతాడు, ఒలుకుతుంది, మళ్ళీ పోస్తాడు, సగం, రెట్టింపు అనే మాటలు అక్కడే అర్థమవుతాయి. ఒక చెంచా బియ్యంలో ఎన్ని గింజలుంటాయో ముందు ఊహించి చెప్పమని, తర్వాత పదేసి కుప్పలుగా పెట్టమనండి. అన్నం వండేటప్పుడు గ్లాసు బియ్యానికి ఎన్ని గ్లాసుల నీళ్ళు పోశామో, ఉడికాక ఎన్ని గ్లాసుల అన్నం అయిందో కొలిపించండి, దాదాపు మూడు గ్లాసులవుతుంది. ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయి అని అడుగుతాడు ఖాయంగా.

రాయడం సంగతి. మనందరం పిల్లలకి అక్షరాభ్యాసం బియ్యంలోనే చేయిస్తాం, వేలు పట్టుకుని పళ్ళెంలో రాయిస్తాం, ఫోటో తీసుకుంటాం, ఆ మర్నాడే పెన్సిలూ నాలుగు గీతల పుస్తకమూ ఇచ్చేస్తాం. ఆ పళ్ళెం మళ్ళీ బయటికి తీయండమ్మా. మీ వాడి ఏడుపు చదువు మీద కాదు, పెన్సిల్ మీద, వాడి వేళ్ళకి ఇంకా ఆ బలం రాలేదు. బియ్యంలో వేలితో రాయడం, బియ్యప్పిండితో గీత పోయడం, చపాతీ పిండి పిసకడం, చిక్కుడుకాయలకి ఈనెలు తీయడం, పచ్చిబఠాణీలు ఒలవడం, ఇవన్నీ చేతిరాత పాఠాలే. రెండు మూడు నెలలు పెన్సిల్ ఊసెత్తకండి. ఈలోగా వాడు చెప్పింది మీరు రాయండి, నేను వడ్లు ఊదాను, పొట్టు నాన్న కాఫీలో పడింది, ఇలా వాడి మాటల్లోనే, ఒక్క ముక్క కూడా దిద్దకుండా పేజీకి ఒక వాక్యం రాయండి, కింద బొమ్మ వాడేస్తాడు, పది పేజీలయ్యాక దారంతో కుట్టేయండి. వాడు మొట్టమొదట చదివే పుస్తకం అదే అవుతుంది, మా ఇంట్లో అలాంటివి ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఇంకొక్క విషయం, ఇది చాలామంది పొరపాటు పడే చోటు. చదవడం మొత్తం థీమ్ మీదే వదిలేయకూడదు. బియ్యం అనే మాటలో గుణింతం ఉంది, ఒత్తు ఉంది, సున్నా ఉంది, అక్షరాలే రాని పిల్లాడికి అది మొదటి మాట ఎలా అవుతుంది? అందుకని థీమ్‌తో సంబంధం లేకుండా రోజుకి ఒక పావుగంట విడిగా అక్షరాలు. ప, ల, క, వ, త ఈ అయిదూ వస్తే చాలు పలక, తల, వల, కల, కలప అని అప్పటికప్పుడే చదివేస్తాడు, ఆ సంతోషమే ముందుకి లాక్కెళ్తుంది. అ నుంచి ఱ దాకా వరసగా అన్నీ అయ్యాకే మాటలు అంటే వాడు మధ్యలోనే విసిగిపోతాడు.

చేలోకి ఒకసారి, మిల్లుకి ఒకసారి తీసుకెళ్ళండి. బస్తా మీద 25, 26 అని కిలోలు ఉంటాయి, చదివించండి. బీపీటీ 5204 అనే వరి రకం పేరులో బాపట్ల ఉందని, ఎంటీయూ 7029 లో మార్టేరు ఉందని, ఆ రెండు ఊళ్ళలో వరి మీద పరిశోధన చేసేవాళ్ళు ఈ రకాలు తయారుచేశారని చెప్పండి. మార్టేరు మీకు దగ్గరే కదా, బస్సులో ఆ ఊరి మీదుగా వెళ్ళేటప్పుడు చూపిస్తే మన అన్నం పేరులో ఉన్న ఊరు ఇదేనా అంటాడు.

ప్రశ్న: మేడమ్, మేమిద్దరం జాబ్ చేస్తాం, మియాపూర్‌లో టూ బెడ్‌రూమ్ ఫ్లాట్. పాపకి నాలుగేళ్ళు, ఇప్పుడే స్కూల్లో వేయడం ఇష్టం లేదు. పగలంతా మా అమ్మ చూసుకుంటుంది. మాకు దొరికేది సాయంత్రం ఒక గంట, ఆదివారం. మట్టి, రంగులు, నీళ్ళు అంటే ఇల్లంతా ఖరాబ్ అవుతుందని అమ్మకి భయం, పైగా ఇవన్నీ ఆటలే, చదువెప్పుడు అంటుంది. ఏం చేయమంటారు? – ఒక నాన్న, హైదరాబాద్

జవాబు: బాబూ, మీ అమ్మగారిని పాప టీచర్ని చేయండి. ఆవిడ రోజూ చేసే పనిలోంచే థీమ్ తీయాలి, అప్పుడు ఇల్లు పాడవుతుందన్న గొడవే రాదు. ఇడ్లీపిండితో మొదలుపెట్టండి. మినప్పప్పు నానకముందు ఎంత, నానాక ఎంత, రుబ్బాక ఎంత అని పాప చూస్తుంది. రుబ్బిన పిండి ఒక గాజుగ్లాసులో సగానికి పోసి పిండి ఉన్నచోట రబ్బరుబ్యాండు వేయండి, పొద్దున్నకి అది ఎంత పొంగిందో తేడా తెలుస్తుంది. ఒక గ్లాసు ఫ్రిజ్‌లో, ఒక గ్లాసు బయట పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. డిసెంబర్లో ఇదే మళ్ళీ చేయండి, చలికి పిండి అంత త్వరగా పులవదు, ఎందుకో ఆలోచించనివ్వండి.

ముగ్గు ఇంకొకటి. గడప ముందు సుద్దముక్కతో మధ్యలో 3 చుక్కలు, పైన సందుల్లో 2, కింద సందుల్లో 2, మొత్తం 7, నాలుగేళ్ళకి అది చాలు. కొన్నాళ్ళయ్యాక 5 నుంచి 3 దాకా సందుచుక్క, అది 19 చుక్కలవుతుంది. మీ అమ్మగారికి ఇవి నిద్రలో కూడా వచ్చు, అది లెక్కలేనని ఆవిడకి ఇంతవరకూ ఎవరూ చెప్పి ఉండరు, మీరు చెప్పండి. వామనగుంటలు ఉంటే అదీ ఆడించండి, 14 గుంటల్లో చింతగింజలు ఒక్కొక్కటే వేసుకుంటూ వెళ్ళడం కన్నా మంచి అంకెల పాఠం నాకు తెలీదు. కాకపోతే ఈ వయసులో గింజలు ముక్కులో, చెవుల్లో పెట్టుకుంటారు, నోట్లో వేసుకుంటే గొంతుకి అడ్డం పడొచ్చు, పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఇవ్వొద్దు.

చదువెప్పుడు అన్న మాటకి, 2020 జాతీయ విద్యావిధానమే 3 నుంచి 8 ఏళ్ళ వరకూ ఒక దశగా పెట్టి ఆటల ద్వారా, పనుల ద్వారా నేర్పమంటోంది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ, అంటే కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థ వాళ్ళు ఈ వయసు పిల్లల కోసమే జాదూయీ పిటారా అని బొమ్మలు, పజిళ్ళు, కీలుబొమ్మలతో ఒక పెట్టె తెచ్చారు. ఇది అమ్మగారికి చెప్పి చూడండి, గవర్నమెంటు చెప్పిందంటే పెద్దవాళ్ళు కాస్త వింటారు. మీ గంటలో మాత్రం కొత్తది ఏదీ పెట్టకండి, పగలు నాయనమ్మతో చేసింది పాప మీకు చెప్పాలి, మీరు వినాలి, అంతే.

ప్రశ్న: మా కోడలు మనవణ్ణి బడికి పంపనంటోంది. ఆరేళ్ళు దాటితే కేసు పెడతారా? రేపు పదో తరగతి ఎట్లా రాస్తాడు? – ఒక తాతయ్య, ఖమ్మం

జవాబు: అయ్యా, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలది. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని అందులో ఉంది, చేర్చకపోతే వాళ్ళకి ఫలానా శిక్ష అని మాత్రం లేదు. ఇంటి చదువు ప్రస్తావన కూడా అందులో లేదు. మధ్యలో బడికి వెళ్తానంటే వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలని అదే చట్టం చెప్తోంది కాబట్టి దారి మూసుకుపోదు. బడికి వెళ్ళకుండా ఇంట్లో చదువుకుని పరీక్షలు రాసే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్, అంటే ఎన్‌ఐఓఎస్ లో 3, 5, 8 తరగతులకి సమానమైన స్థాయిలు ఉన్నాయి, 14 నిండాక పది రాయొచ్చు. మీరు కోడలిగారి దగ్గర ఒకటి అడగొచ్చు, రోజూ ఏం చేశారో తేదీ వేసి ఒక నోట్‌బుక్కులో నాలుగు ముక్కలు రాసి పెట్టమనండి, రేపు ఏ బడివాళ్ళు అడిగినా చూపించుకోవచ్చు. అలాగే సాయంత్రాలు మిగతా పిల్లలతో ఆడుకునేలా చూడటం మీ వంతు, ఇంట్లో చదివే పిల్లలకి లోటుండేది అక్కడే.

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం, ఆరేళ్ళ పాపకి ఇంట్లోనే చెప్తున్నా. తెలుగు థీమ్‌లు చేద్దామంటే ఇక్కడ వరిచేను లేదు, ఎడ్లబండి లేదు, అన్నీ వీడియోల్లోనే చూపించాల్సి వస్తోంది. – ఒక అమ్మ

జవాబు: వీడియోలో ఎడ్లబండి చూపించకమ్మా, పాపకి అది పెంగ్విన్ లాంటిదే. నీ వాకిట్లో ఏముంటే అది తీసుకుని మాట్లాడటం తెలుగులో మాట్లాడు. మీ టెక్సాస్ రాష్ట్రంలో ఇంటి బడికి కావాల్సినవి చదవడం, స్పెల్లింగు, గ్రామరు, లెక్కలు, మంచి పౌరులుగా మెలగడం అంతే కదా, మిగతా రోజంతా నీ చేతిలో ఉంది. అక్టోబర్‌లో మోనార్క్ సీతాకోకచిలుకలు మీ మీదుగానే మెక్సికోకి వెళ్తాయి, ఆ తర్వాత అక్రోటు లాంటి పీకాన్ కాయలు రాలతాయి, ఆ చెట్టు మీ రాష్ట్ర వృక్షం కూడా. ఏరండి, తొక్క, పెంకు, పప్పు, గుల్ల అని పేర్లు పెట్టుకోండి, కొట్టి పప్పు తీసి బెల్లం పాకం పట్టి ఉండ చుట్టండి. పాకం ముదిరిందా లేతగా ఉందా అని నీళ్ళగిన్నెలో చుక్క వేసి చూసేటప్పుడు ఊళ్ళో అమ్మమ్మకి వీడియోకాల్ చేసి గిన్నె దగ్గర పెట్టు, ఆవిడ చెప్తుంటే పాప వేలితో నొక్కి చూస్తుంది.