‘సరే’ అన్నాక ‘వద్దు’ అనగలిగితేనే అది ఇష్టం

మేడమ్ నమస్తే. మా ఫ్రెండ్స్ మధ్య చాలా రోజులుగా నడుస్తున్న గొడవ ఇది. అడల్ట్ సినిమాల్లో చేసేవాళ్లందరూ మేజర్లు, సంతకం పెట్టి డబ్బులు తీసుకుని చేస్తున్నారు, ఇందులో బలవంతం ఎక్కడుంది అని నేనంటాను. మా వాడొకడు, ఎవరూ ఇష్టపడి రారు, అందరూ ఎవరో ఒకరి చేతిలో చిక్కినవాళ్లే అంటాడు. మీరేమంటారు? – పేరు రాయొద్దన్న పాఠకుడు

జ: మీరిద్దరూ ఆ అమ్మాయి ఈ పనిలోకి ఎలా వచ్చింది అన్న దగ్గరే ఆగిపోయారండి. నాకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. వచ్చాక, మధ్యలో, లేదా అంతా అయిపోయాక, ఆమె ‘వద్దు’ అంటే ఏమవుతుంది? ఆ వద్దుకి ఆమె ఏం చెల్లించాల్సొస్తుంది అన్నది చూస్తేనే అది ఎంతవరకు ఇష్టమో తెలుస్తుంది.

ముందు మీ ఫ్రెండ్ మాట. అందరూ చిక్కుకున్నవాళ్లే అనడం నేను ఒప్పుకోను. నీనా హార్ట్లీ అని అమెరికాలో 1984 నుంచి ఈ ఫీల్డ్‌లో ఉన్నావిడ ఉన్నారు, నర్సింగ్ చదివిన మనిషి, కావాలంటే హాయిగా హాస్పిటల్లో ఉద్యోగం చేసుకునేవారు, ఇది నేను ఎంచుకున్న పని అని అప్పట్నుంచీ చెప్తూనే ఉన్నారు. ఆవిడ మాట నమ్మకపోవడానికి మనమెవరం? పెద్ద మనిషి తన బతుకు గురించి తను చెప్తుంటే, నీకు తెలీదులే నిన్ను ఎవరో మాయ చేశారు అని కొట్టిపారేయడం కూడా నోరు నొక్కడమే.

ఇక మీ మాట, అదే ఆ సంతకం సంగతి. అమెరికాలోని శాన్ డియాగోలో ఒక అడల్ట్ వీడియోల సైట్ చాలా ఏళ్లు నడిచింది. మోడలింగ్ పని అని యాడ్ ఇచ్చేవాళ్లు, చదువుకునే అమ్మాయిలు ఫోన్ చేస్తే అసలు విషయం తర్వాత మెల్లగా చెప్పేవాళ్లు, ఇది నెట్‌లో రాదు, డీవీడీలు వేరే దేశాల్లో అమ్ముతాం, నిన్ను గుర్తుపట్టేవాళ్లెవరూ ఉండరు అని. నేనూ చేశాను ఏం కాలేదు అని ఫోన్‌లో ధైర్యం చెప్పడానికి డబ్బులిచ్చి వేరే అమ్మాయిల్ని కూడా పెట్టుకున్నారు. హోటల్ రూమ్‌కి వెళ్లాక కాగితాలు ముందు పడేసి చదివే టైమ్ ఇవ్వకుండా సంతకం పెట్టించేవాళ్లు. కొన్నాళ్లకే ఆ వీడియో నెట్‌లో ఉండేది, కాలేజీ వాళ్లకి, ఇంట్లో వాళ్లకి లింకులు వెళ్లేవి. వాళ్లలో 22 మంది కోర్టుకెళ్లారు, ఆ 22 మందీ మేజర్లే, అందరి సంతకాలూ ఉన్నాయి, డబ్బులూ తీసుకున్నారు. అయినా 2020 జనవరిలో జడ్జి అది పక్కా మోసం అని తేల్చి, వాళ్లకి సుమారు 1.27 కోట్ల డాలర్లు ఇవ్వాలని, ఆ వీడియోల హక్కులు కూడా వాళ్లవేనని తీర్పిచ్చారు. సైట్ నడిపిన మైకేల్ ప్రాట్ అనేవాడు దేశం వదిలి పారిపోయి 2022 డిసెంబర్‌లో స్పెయిన్‌లో దొరికాడు, 2025లో 27 ఏళ్ల జైలు పడింది. సంతకం ఉంది కాబట్టి ఇష్టమే అన్న మీ వాదన ఆ కోర్టులో నిలబడలేదు.

ఇండస్ట్రీ మొత్తం ఇలాగే ఉంటుందని నేను అనట్లేదు. ఇది నేరం, పట్టుబడింది, శిక్ష పడింది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఏ నేరమూ జరగని మామూలు సెట్. లాస్ ఏంజెలిస్ పక్కన శాన్ ఫెర్నాండో వ్యాలీ ఉంది కదా, అమెరికాలో ఈ వ్యాపారం పెరిగిందే అక్కడ, డబ్బులిచ్చి నటింపజేయడం వ్యభిచారం కిందకి రాదని 1988లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు చెప్పాక అది చట్టబద్ధమైన పనే అయింది. అక్కడ పద్ధతి ప్రకారం నడిచే చోట నటులు 14 రోజులకోసారి టెస్ట్ చేయించుకోవాలి, ఏవి చేస్తాను ఏవి చేయను అని ముందే లిస్ట్ ఇస్తారు. చూడ్డానికి అంతా పద్ధతిగానే ఉంది. కానీ డబ్బులు సీన్‌కింత అని ఒక్కసారే ఇస్తారు, ఆ వీడియో ఇరవై ఏళ్లు అమ్ముడుపోయినా మళ్లీ పైసా రాదు. ఏజెంట్ తన కమీషన్ తీసుకుంటాడు. ఒప్పుకున్న షూటింగ్ చివర్లో కాదంటే చాలాచోట్ల నటి మీదే ఫైన్ వేస్తారు, దాన్ని కిల్ ఫీ అంటారు. కొత్తమ్మాయికి మొదటి కొన్ని నెలలు బాగా పిలుపులొస్తాయి, తర్వాత తగ్గిపోతాయి, అప్పుడు లిస్ట్‌లో ‘చేయను’ అని రాసినవి ఒక్కొక్కటే ‘చేస్తాను’ వైపుకి జరుగుతాయి, ఎందుకంటే రేటు ఎక్కువ వాటికే. ఇందులో ఎవరూ ఆమె చెయ్యి పట్టి లాగలేదు. రూమ్ అద్దె కట్టేశారు, పది మంది లైట్లు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు, నో అంటే ఏజెంట్ మళ్లీ ఫోన్ చేయడు, ఇంటి అద్దె ఒకటో తారీఖున కట్టాలి. ఇవన్నీ మీద పడ్డప్పుడు నోట్లోంచి వచ్చే ‘సరే’కి నేను పూర్తి మార్కులు వేయలేను. అలాగని అది సున్నా అని కూడా అనలేను.

మేడమ్, వీడియోల్లో వాళ్లు హ్యాపీగానే కనిపిస్తారు కదా, బాధపడుతుంటే తెలిసిపోదా? – ఒక డిగ్రీ స్టూడెంట్

జ: తెలీదు బాబూ. నవ్వడం కూడా ఆ పనిలో భాగమే, దానికి కూడా కలిపే డబ్బులిచ్చారు. లిండా బోర్‌మన్ అని ఒకావిడ, 1972లో వచ్చిన ఒక అడల్ట్ సినిమాతో అమెరికా అంతా పేరు మోగిపోయింది, అప్పట్లో ఇంటర్వ్యూల్లో కూడా నాకిష్టమే అని నవ్వుతూ చెప్పింది. 1980లో తన జీవితకథ రాస్తూ, అప్పటి భర్త కొట్టి తుపాకీతో బెదిరించి చేయించాడని, చేతికొచ్చిన 1,250 డాలర్లు కూడా అతనే తీసుకున్నాడని చెప్పింది. ఆ సినిమాలో తన ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తాయని కూడా చెప్పింది. లక్షల మంది చూశారు, ఎవరికీ అనుమానం రాలేదు. ఆవిడ చెప్పినవాటిలో కొన్నిటిని అప్పట్లో పక్కన పనిచేసినవాళ్లు కాదన్నారు, భర్త కూడా కాదన్నాడు. అయినా నేను చెప్పేదొక్కటే, తెర మీద మొహం చూసి మనం దేనికీ గ్యారంటీ ఇవ్వలేం.

అసలు అది ఎవరు ఎక్కించిన వీడియోనో కూడా చూసేవాడికి తెలీదు. 2020 డిసెంబర్‌లో పోర్న్‌హబ్ అనే అడల్ట్ వీడియోల సైట్‌లో మైనర్ల వీడియోలు, ఇష్టం లేకుండా పెట్టిన వీడియోలు ఉన్నాయని న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది, వీసా, మాస్టర్‌కార్డ్ వాళ్లు పేమెంట్లు ఆపేశారు, అప్పుడు ఆ సైట్ ఎవరు పెట్టారో వెరిఫై కానివన్నీ తీసేస్తే దాదాపు కోటి వీడియోలు ఎగిరిపోయాయి. అప్పటిదాకా వాటిని చూసినవాళ్లంతా, వాళ్లు ఇష్టపడే చేస్తున్నారు అనే అనుకుని ఉంటారు కదా.

డబ్బు అవసరం లేకపోతే ఏ పనీ ఎవరూ చేయరు. గనిలో దిగేవాడిది, ఎండలో రాళ్లు మోసేవాడిది మాత్రం ఫ్రీ చాయిసా? దీన్ని ఒక్కదాన్నే ఎందుకు వేరు చేసి మాట్లాడతారు? – ఒక పాఠకురాలు

జ: చాలా మంచి ప్రశ్న అమ్మా, దీన్ని దాటేసి మాట్లాడేవాళ్లంటే నాకూ చిరాకే. అవసరం ఉంటే ఇష్టం లేనట్టే అనుకుంటే ప్రపంచంలో సగం ఉద్యోగాలు బలవంతమే అవుతాయి. గనిలో ప్రాణానికి ఇంతకంటే ఎక్కువ ప్రమాదం ఉంది, అది కూడా ఒప్పుకుంటాను.

కానీ రెండు తేడాలు మాత్రం నాకు కనిపిస్తాయి. ఒకటి, ఇక్కడ పని జరిగేది ఆమె ఒంటితో, అదీ లోపలిదాకా, కాబట్టి పని మధ్యలో మనసు మారితే ఆ నిమిషమే ఆగాలి, రేపు మాట్లాడుకుందాం అంటే కుదరదు. రెండోది ఇంకా పెద్దది. గని మానేసినవాడిని గని వెంటాడదు. కాలిఫోర్నియాలో ఒక టీచర్, ఆ ఉద్యోగంలోకి రాకముందు కొన్నాళ్లు డబ్బుల్లేక ఈ సినిమాల్లో చేసింది, స్కూల్లో స్టూడెంట్స్ ఆ వీడియో చూశారు, 2012లో ఉద్యోగం తీసేశారు, అప్పీల్‌కి వెళ్తే 2013లో అక్కడ కూడా ఆమెకి వ్యతిరేకంగానే వచ్చింది. ఆమె మానేసింది, గౌరవమైన పనిలో చేరింది, అయినా బయటపడనివ్వలేదు. ఈ సినిమాలతోనే పేరు మోగిపోయిన మియా ఖలీఫా చేసింది మూడు నెలలే, మొత్తం సుమారు 12,000 డాలర్లే వచ్చాయని 2019లో ఆవిడే చెప్పింది, ఆ వీడియోల మీద హక్కు మాత్రం ఇప్పటికీ ఆవిడది కాదు.

ఇందులో వీడియో తప్పెంత, మన తప్పెంత అన్నది కూడా చూడాలి. ఆ టీచర్ని తీసేసింది సినిమా కంపెనీ కాదు, స్కూలు. వదిలేసి వచ్చినవాళ్లకి ఇల్లు అద్దెకివ్వని, ఉద్యోగమివ్వని, పెళ్లి సంబంధం దగ్గర ఫోన్ తీసి చూపించే జనం ఉన్నంతకాలం, వాళ్లు వెనక్కి ఆ పనికే వెళ్తే అది వాళ్ల చాయిస్ అని మనం అనకూడదు. నాకు కోపమొచ్చేది ఇక్కడే. రాత్రి చూసేదీ మనమే, పొద్దున్నే గుర్తుపట్టి తరిమేదీ మనమే.

మరి దీనికి చట్టం ఏమైనా చేయగలదా? – ఒక లా స్టూడెంట్

జ: జపాన్ చేసింది చూడండి. అక్కడ ఒక అమ్మాయి ఇక చేయనని అడ్డం తిరిగితే ఏజెన్సీ వాళ్లు 2.46 కోట్ల యెన్‌లు నష్టపరిహారం కట్టమని కేసు వేశారు. ఈ పని మనసు ఒప్పకపోతే చేయించే పని కాదు, ఆమె కట్టక్కర్లేదు అని 2015లో టోక్యో జిల్లా కోర్టు ఆ కేసు కొట్టేసింది. తర్వాత ఇలాంటి కథలు చాలా బయటికొచ్చాయి, 2022 ఏప్రిల్‌లో మేజర్ వయసు 20 నుంచి 18కి తగ్గించడంతో, 18, 19 ఏళ్ల వాళ్లు పెట్టిన సంతకం ఇక రద్దు చేసుకోలేరే అని భయం మొదలైంది, ఆ జూన్‌లోనే కొత్త చట్టం తెచ్చారు. ఒప్పందం మీద సంతకం పెట్టాక నెల రోజులు షూటింగ్ చేయకూడదు. షూటింగ్ అయ్యాక నాలుగు నెలలు రిలీజ్ చేయకూడదు. రిలీజైన ఏడాదిలోపు ఏ కారణం చెప్పకుండానే ఒప్పందం రద్దు చేసుకుని అమ్మకం ఆపించొచ్చు, దానికి నష్టపరిహారం అడగకూడదు. వయసుతో పనిలేదు, ఆడా మగా అందరికీ ఇదే రూల్.

నాకు ఈ చట్టం నచ్చడానికి కారణం, అది ఈ పని మంచిదా చెడ్డదా అన్న జోలికి వెళ్లలేదు. వద్దు అనడానికి టైమ్ ఇచ్చింది, వద్దు అన్నందుకు అప్పుల పాలు కాకుండా చూసింది. అయితే అక్కడ ఇష్టంగా పనిచేసే నటులే చాలామంది దీన్ని గట్టిగా వ్యతిరేకించారు, మమ్మల్ని ఒక్క మాట అడగకుండా చేశారు, ఆ గ్యాప్‌ల వల్ల మా షూటింగ్‌లు పోయాయి అని. వాళ్లు చెప్పిందాంట్లో న్యాయముంది, అనుభవమున్నవాళ్లకి గడువు తగ్గించమని అడగడం తప్పేం కాదు. కానీ ఆ ఏడాది రద్దు హక్కు మాత్రం ఎవరికోసమూ వదులుకోకూడదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఏజెంట్, కంపెనీ ఎవరూ లేకుండా ఓన్లీఫ్యాన్స్ అనే సైట్‌లో ఎవరి వీడియో వాళ్లే పెట్టుకుంటున్నారు కదా, అది పూర్తి స్వేచ్ఛే కదా? – ఒక పాఠకుడు

జ: ఎప్పుడు చేయాలి, ఏం చేయాలి, ఎవరితో చేయాలి అన్నది వాళ్ల చేతిలోకి వచ్చింది, సంపాదనలో 80 శాతం వాళ్లకే వస్తుంది, అది చిన్న మార్పు కాదు. కానీ 2021 ఆగస్టులో ఆ కంపెనీ ఇలాంటి వీడియోలు ఇక బంద్ అని ప్రకటించి, గొడవయ్యాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఒక్క ప్రకటనతో అంతమంది జీవనాధారం ఊగిపోయిందంటే పగ్గాలు ఇంకా ఎవరి చేతిలో ఉన్నాయో తెలుస్తూనే ఉంది. పైగా డబ్బులు కట్టి చూసినవాడు కాపీ చేసి బయట పెడితే మళ్లీ కథ మొదటికే.

అక్కా, నాకు 22. బయట దేశంలో చదువుకుంటున్నా. ఫీజు కట్టాలి. ఆన్‌లైన్‌లో ఒకళ్లు ఒక్క షూట్‌కి పెద్ద అమౌంట్ ఇస్తామంటున్నారు, మొహం చూపించం, ఎక్కడా రాదు అంటున్నారు. ఇది నా ఇష్టమే, ఎవరి బలవంతమూ లేదు. ఏమంటారు? – పేరు వద్దు

జ: అమ్మా, నిర్ణయం నీదే, నిన్ను తిట్టడానికో సిగ్గుపడేలా చేయడానికో నేను రాయట్లేదు. కానీ ‘ఎక్కడా రాదు’ అన్న మాట దగ్గరే నాకు గుండె గతుక్కుమంది, శాన్ డియాగో అమ్మాయిలకి చెప్పింది అచ్చం ఇదే. ఎక్కడా రాని వీడియోకి ఎవరూ పెద్ద అమౌంట్ ఇవ్వరు. మొహం కనపడకపోయినా గొంతు, పుట్టుమచ్చ, టాటూ చాలు గుర్తుపట్టడానికి.

ఒక పని చెయ్యి. కాంట్రాక్ట్ కాపీ ముందే పంపమను, వారం చదువుకుని లాయర్‌కి చూపించి చెప్తానను. షూటింగ్ మధ్యలో ఆపేస్తే ఏమవుతుంది, రెండేళ్ల తర్వాత తీసేయమంటే తీసేస్తారా, కంపెనీ అసలు పేరు, అడ్రస్ ఏంటి, ఇవి రాతలో ఇమ్మని అడుగు. తొందరపెడితే, ఫ్లైట్ టికెట్ రేపే అంటే, సమాధానం తప్పించుకుంటే, అక్కడే ఆపెయ్. ఎవరికీ చెప్పొద్దు అంటే కూడా అంతే. ఫీజు సంగతి ఈలోపు యూనివర్సిటీలో స్టూడెంట్ సపోర్ట్ ఆఫీసుకి వెళ్లి అడుగు, చాలాచోట్ల ఎమర్జెన్సీ ఫండ్ ఉంటుంది, వాయిదాలకి కూడా ఒప్పుకుంటారు.

ఇప్పటికే వాళ్లకి ఫోటోలేమైనా పంపి ఉంటే కంగారుపడకు. స్టాప్‌ఎన్‌సీఐఐ అని ఉచిత సర్వీస్ ఉంది, 18 దాటినవాళ్ల కోసం. నీ ఫోటో ఎవరికీ పంపక్కర్లేదు, నీ ఫోన్‌లోనే దానికొక కోడ్ తయారవుతుంది, ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది, అందులో చేరిన సోషల్ మీడియా కంపెనీలు ఆ ఫోటో కనపడితే ఆపుతాయి. వాళ్లతో జరిగిన చాట్ మాత్రం డిలీట్ చేయకు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో, బెదిరింపు మొదలైతే పోలీసులకి చూపించడానికి అవే కావాలి.