బతుకమ్మ ఆటా, నృత్యమా?

సందేహం: ఎనిమిదో తరగతి పిల్లలకు మన ప్రాంతపు కళల గురించి చెప్తూ బోర్డు మీద 'మన ఆటలు' అని రాసి, కింద బతుకమ్మ, కోలాటం, చిందు బాగోతం, పేరిణి అని వేశాను. తోటి మాస్టారు ఒకరు చూసి, 'ఆటలంటే కబడ్డీ, ఖోఖో. అవి పీఈటీ సార్ చూసుకుంటారు. మీరు నృత్యాలనో నాట్యాలనో రాయండి. బాగోతం తిట్టుమాట, చిందు యక్షగానం అనండి' అన్నారు. ఏది సరి? నృత్తం, నృత్యం, నాట్యం – ఈ మూడింటి తేడా కూడా చెప్పగలరు.
– ఒక తెలుగు టీచరు, దేవరకొండ

సమాధానం: టీచరమ్మా, బోర్డు చెరపకండి.

మీ చివరి సందేహం ముందు తీర్చేస్తాను, అది చిన్నది. ధనంజయుడి దశరూపకం లెక్కన తాళలయల మీద నడిచేది నృత్తం, భావం మీద నడిచేది నృత్యం, పాత్ర అవస్థను అనుకరించేది నాట్యం. వాడుకలో ఈ గీతలు ఎప్పుడో కలిసిపోయాయి. పరీక్షలో రెండు మార్కులకు పనికొస్తాయి.

ఇక ఆట. మీ మాస్టారికి 'ఆడు' అనే ధాతువు మీద ఎందుకంత చిన్నచూపో నాకర్థం కాలేదు. తమిళులకు, కన్నడిగులకు, మనకు ముగ్గురికీ ఉమ్మడి ఆస్తి అది. దాని మూలంలో ఉన్నది కదలిక. తల ఆడుతుంది, ఆకు ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది, గానుగ ఆడుతుంది. మాటలు ఆడితే మాట్లాడడం, పోట్లు ఆడితే పోట్లాడడం. బిడ్డను కన్న తల్లి నీళ్లాడింది అంటాం. సినిమా వంద రోజులు ఆడిందంటే ఎవరికీ ఖోఖో గుర్తుకు రాదు కదా! 'ఆడలేక మద్దెల ఓడన్నట్టు' అనే సామెతలో ఆవిడ ఆడలేకపోయింది కబడ్డీ కాదు. (ఈ సామెతను ఈ మధ్య 'మద్దెల ఓడింది' అని రాస్తున్నారు. మద్దెల ఎవరి చేతిలోనూ ఓడలేదు. ఓడు అంటే పగిలినది, ఓటికుండలో ఉన్నది ఆ ఓడే.) మలయాళీలు తమ ఆటకు మోహినియాట్టం అని దర్జాగా పేరు పెట్టుకున్నారు. వాళ్లకు లేని సిగ్గు మనకెందుకు?

ఇంతకంటే గట్టి సాక్ష్యం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. వేమన పద్యాలు ఏ ఛందస్సులో ఉన్నాయి? ఆటవెలదిలో. వెలది అంటే స్త్రీ, ఆటవెలది అంటే ఆడే ఆమె, నర్తకి. మన పూర్వులు పద్యానికే నర్తకి పేరు పెట్టారు. ఊరికే పెట్టలేదు. 'విశ్వదాభిరామ వినురవేమ' పాదాన్ని పిల్లల చేత చప్పట్లతో చెప్పించండి. విశ్వ – దాభి – రామ – వినుర – వేమ: అయిదు గణాలు, అయిదూ సూర్యగణాలు, ఒక్కోటి సరిగ్గా మూడు మాత్రలు. తకిట, తకిట, తకిట, తకిట, తకిట. రెండో పాదం, నాలుగో పాదం ఇట్లా పోతాయి. ఒకటో పాదం, మూడో పాదం మాత్రం మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు తీసుకుని కొంచెం సాగుతాయి. పొడుగు అడుగు, పొట్టి అడుగు. మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి. ఒక పిల్లను లేపి ఆ లెక్కకు అడుగులు వేయించండి, గణవిభజన, మీ పాఠం రెండూ ఒకే పీరియడ్‌లో అయిపోతాయి. యోగి అయిన వేమనకు ఆటగత్తె పేరున్న పద్యం అంటరానిది కాలేదు, ఎనిమిదో తరగతి పిల్లలకు ఆట అనే మాట ఏం చేస్తుంది?

పండితారాధ్య చరిత్రలో పాలకురికి సోమన శ్రీశైల యాత్రికులను వర్ణిస్తూ 'పాడెడు నాడెడువారు' అన్నాడు. పదమూడో శతాబ్దం మాట. ఇవాళ పేపర్లో మాత్రం 'మహిళలు బతుకమ్మ నృత్యం ప్రదర్శించారు' అని వస్తుంది. చదివినప్పుడల్లా నాకు పంటి కింద రాయి పడ్డట్టు ఉంటుంది. తంగేడు, గునుగు పేర్చి, వాకిట్లో పెట్టి, చుట్టూ తిరిగే ఆడవాళ్లు ఎవరికి ప్రదర్శిస్తున్నారు? 'బతుకమ్మ ఆడవోదాం పా' అంటారు, ఆడి వస్తారు.

బాగోతం సంగతి. భగవంతుడి భక్తుడు భాగవతుడు. అట్లాంటి వాళ్లు మేళం కట్టి ఆడేది భాగవతం. జనం నోట్లో 'గవ' కాస్తా 'గో' అయింది. సంస్కృతంలో లవణం ప్రాకృతంలో లోణం కాలేదా, అంతే. మా చిన్నప్పుడు నల్లగొండ పక్క పల్లెలో గ్యాసు లైటు వెలుతురులో ముఖానికి పచ్చని అర్దళం పూసుకుని, పొణికి కర్ర కిరీటం పెట్టుకుని దిగిన రాజును చూశాను. తెల్లారి అదే రాజు సగం రంగు కడుక్కుని మా అరుగు మీద చాయ తాగుతున్నాడు. 'వాడి బాగోతం బయటపడ్డది' అనే మాట ఇట్లాంటి తెల్లవారుజామునే పుట్టి ఉంటుందని నా ఊహ. తిట్టు ఆ నానుడిలో ఉంది, కళ పేరులో లేదు. 'వేషాలు వెయ్యకు' అని పిల్లల్ని కోప్పడతాం కాబట్టి వేషం అనే మాటను తీసేస్తామా? ఇక చిందు యక్షగానం కూడా తప్పేం కాదు. 2024లో గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది ఆ పేరుతోనే. సర్టిఫికెట్‌లో అది రాయండి, పిల్లలతో మాట్లాడేటప్పుడు బాగోతం అనండి.

మీ జాబితాలో నన్ను ఆలోచనలో పడేసింది ఒక్క పేరిణి, కాకతీయుల కాలపు వీరనృత్యం. కాకతీయ గణపతిదేవుడి గజసేనాధిపతి జాయపసేనాని 1253–54లో రాసిన నృత్తరత్నావళిలో అది ఉంది. ఆ పుస్తకం పేరు కూడా చూడండి, నృత్యం కాదు, నృత్తం. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గానికి (శాస్త్రం చెప్పిన పద్ధతికి), నాలుగు దేశికి (ఆయా ప్రాంతాల జనం పద్ధతికి) ఇచ్చాడాయన. మన 'జానపదం' లాగా దేశిని చివర్లో ఒక పేరాకు సర్దేయలేదు. అయితే పేరిణి నడుమ తెగిపోయింది. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ పుస్తకాన్ని, రామప్ప గుడి శిల్పాలను ముందు పెట్టుకుని మళ్లీ నిలబెట్టారు. అందుకే కాబోలు, బతుకమ్మ ఆడారు, బాగోతం ఆడారు అని విన్నాను గాని 'పేరిణి ఆడారు' అని ఎవరి నోటా వినలేదు, పేరిణి చేశారు అనే అంటారు. కాబట్టి ఆ ఒక్కదాన్ని 'మన ఆటలు' కింద ఉంచుతారో, పక్కన వేరే గీత గీసి రాస్తారో మీ ఇష్టం. నేనైతే ఉంచుతాను.