కోనసీమ, భీమవరం కొట్లలో దొరికే కలంకారీ చీరలపై కథ, తెలుగు రాత ఎందుకు కనిపించవు?

ఆ చీరల్లో ఎక్కువ భాగం పెడన, మచిలీపట్నం వైపు నుంచి వచ్చే అచ్చు కలంకారీ. బొమ్మ కింద కథ రాసే పద్ధతి శ్రీకాళహస్తిది.

అచ్చు కలంకారీలో చెక్క దిమ్మెను రంగులో ముంచి బట్ట పొడవునా అద్దుతారు. ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ పడుతుంది కాబట్టి లతలకూ పువ్వులకూ అది బాగా నప్పుతుంది. కథకు అలా కాదు, ప్రతి ఘట్టమూ వేరు. శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలు పట్టించిన బట్టపై, దారమో ఉన్నో చుట్టిన వెదురు పుల్లతో చేత్తోనే గీస్తారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము ఊరబెట్టిన నల్లరంగే అక్కడ సిరా. గీసే చేతికి రాయడం ఎంత పని!

ఉదాహరణకు రామాయణం తెర: నడుమ పెద్దగా పట్టాభిషేకం, చుట్టూ వరుసల్లో చిన్న గళ్లు, ఏ ఘట్టమో చెబుతూ బొమ్మల వెంట తెలుగు పంక్తులు. అది గుడిలో వేలాడదీసే బట్ట, చూస్తూ చదువుకునేది.

పేరులో ‘కలం’ ఉంది కనుక కలంకారీ అంతా కలంతో గీసిందే అనుకోవడం పొరపాటు. మచిలీపట్నం ప్రాంతంలోనూ ఒకప్పుడు చేత్తో గీసేవారు, ఇప్పుడక్కడ దిమ్మెలదే రాజ్యం.